కన్నడంలో పాడిన బావి

పోయిన నెలలో ఒక పొద్దున మా ఊరి బస్టాపు దగ్గర టీ అంగట్లో కూర్చున్నాను. ఎక్కడో రెండు దేశాల మధ్య యుద్ధం నడుస్తోంది. అంగట్లో అందరి చేతుల్లోనూ ఫోన్లు, ఫోన్లలో మంటలు. గొర్రెలు మేపే కుర్రవాడు ఒక దేశం పక్షం, పురుగుమందుల అంగడాయన ఇంకో దేశం పక్షం.

"నీ దేశం ఈ వారం దాటదప్పా" అన్నాడు కుర్రవాడు.

"మీదాన్ని ముందు డీజిలు పోయించుకోమను. ట్యాంకులు దోవలోనే నిలబడిపోయుండాయి" అన్నాడు అంగడాయన.

వాళ్ళిద్దరూ ఆ దేశాలను మ్యాపులో చూపించలేరు. నేనూ చూపించలేను. అయినా ముగ్గురికీ అభిప్రాయాలు గట్టిగానే ఉన్నాయి. మాటలు ముదురుతుంటే టీ కాచే అతను నా వైపు తిరిగి, "అన్నా, మీ పెద్దనాయన కత చెప్పన్నా. ఈళ్ళు ఇనల్యా" అన్నాడు.

చెప్పాను. పెళ్ళి భోజనాల దగ్గర, బస్సు ప్రయాణాల్లో ఎన్నో ఏళ్ళుగా చెప్పి చెప్పి నున్నబడిన కథ అది. నా చిన్నతనంలో ఇరాక్ పోయి కువైట్‌ను పట్టుకుంది. మా పెద్దనాయన రేడియోలో వార్తలు వింటూ వింటూ అమెరికా మీద కోపం పట్టలేక, "రేయ్ అమెరికా, మా పంచాయితీలోకి నిన్నెవడు రమ్మన్నాడురా" అని రేడియోను బావిలోకి తోసేశాడు. కరువు కాలం, బావిలో నీళ్ళు లేవు. రేడియో చావలేదు. పడ్డప్పుడు ముల్లు తిరిగి కన్నడ స్టేషను పట్టుకుంది. సెల్లులు అయిపోయేదాకా మా ఊరి బావి కన్నడంలో పాడింది. కథలో ఇక్కడికి రాగానే నేను లేచి నిలబడి, బావిలోకి వంగినట్టు వంగి, ఆ పాట కూనిరాగం తీస్తాను. నవ్వనివాడు ఇంతవరకు లేడు.

ఈసారి ఆ కుర్రవాడు దాన్ని ఫోనులో పట్టుకున్నాడు. సాయంత్రానికి అది బెంగళూరులో ఉన్న మా తోడల్లుడి దగ్గర నుంచి నాకే తిరిగి వచ్చింది. పైన "అమెరికాను బావిలోకి తోసిన తాత" అని రాసి ఉంది. ఎవరో మా పెద్దనాయన పాత ఫొటో సంపాదించి, దానికి పిచ్చివాడి టోపీ ఒకటి అతికించారు. ఆ టోపీ చూసి నాకు రాత్రి అన్నం సహించలేదు.

నేను చెప్పిన కథలో జరగనిది ఏమీ లేదు. కానీ ఎందుకు జరిగిందో నేను ఎప్పుడూ చెప్పలేదు. అది నాకు తెలుసు. తెలిసే వదిలేశాను, అది చెబితే ఎవరూ నవ్వరని.

మా ఊరు తనకల్లు పక్కన. ఆ ఏడు వేరుశెనగ పూత దాటి ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేసింది. ఒక్క వాన పడితే ఊడ నేలలోకి దిగి కాయ అవుతుంది, లేకపోతే గాల్లోనే ఎండి దారమవుతుంది. అప్పటికి కలుపు అయిపోయింది. చేలో చేయవలసిందేమీ లేదు. పని లేని రైతుకు ప్రపంచంలోని పనులన్నీ తనవే. సరిగ్గా ఆ రోజుల్లోనే కువైట్ సంగతి వచ్చింది.

ఊళ్ళో ఇంకొన్ని రేడియోలు ఉన్నాయి గానీ వార్తలు పలికేది పెద్దనాయన ఇంటి రేడియోనే. దానికి తోలు తొడుగు ఉండేది. దాని సెల్లులు నీరసపడితే నేను వాటిని మిద్దె మీద ఎండబెట్టేవాడిని. మళ్ళీ వేసేసరికి ఆ తోలు వేడెక్కి కొత్త చెప్పుల వాసన వచ్చేది. సాయంత్రం రేడియోను ఇంటి ముందు బావి గట్టు మీద పెట్టేవాళ్ళం. అక్కడైతే గరగర తక్కువని మా నమ్మకం. బావిలో నీళ్ళు పోయి చాలాకాలమైంది. అడుగున కంపా, శెనగకట్టె చెత్తా మెత్తగా పేరుకుని ఉండేవి.

వార్తల వేళకు ఊరంతా చేరేది. ఆడవాళ్ళు చేటల్లో పాత కాయలు పోసుకుని ఒలుస్తూ కూర్చునేవాళ్ళు. ఒక పక్క ఒలిచిన పొట్టు దుమ్ము, ఒక పక్క బీడీల పొగ, లోపల పెద్దమ్మ నూరే ఊరిబిండి పచ్చడిలో వేగిన మిరపకాయ ఘాటు. నాకు ఈ రోజుకీ యుద్ధం అంటే ఆ ఘాటే గుర్తొస్తుంది, తుమ్ము కూడా వస్తుంది.

మా ఊళ్ళో ఏ తగాదా వచ్చినా పైవీధి ఒక పక్క, కిందవీధి ఒక పక్క నిలబడటం ఆచారం. తగాదా ఎక్కడిదన్న పట్టింపు లేదు. కువైట్ సంగతి వినగానే దాన్ని గట్టు తగాదాగా గుర్తుపట్టారు.

"ఇంకేముండాది. పెద్దోడు రాత్రికి రాత్రి గట్టు జరిపినాడు" అన్నారు కిందవీధివాళ్ళు.

"ఊరికే జరుపుతాడా? చిన్నోడు ముందు ఏం కూసినాడో" అన్నారు పైవీధివాళ్ళు.

దాంతో పైవీధి ఇరాక్, కిందవీధి కువైట్ అయిపోయాయి. మరుసటి రోజు మా నాయన ఎద్దును కట్టేయడానికి పగ్గం అడగమని నన్ను కిందవీధికి పంపిస్తే, "ఇరాకోళ్ళకు పగ్గాలు ల్యావు, పో" అని వెనక్కి పంపించారు. పైవీధి ఎనుము ఒకటి కిందవీధి తొట్టిలో నీళ్ళు తాగిందని పెద్ద గొడవ జరిగింది. ఎనుముకు ఏ దేశం పక్షమూ లేదని చెప్పడానికి పెద్దనాయన చాలా శ్రమపడవలసి వచ్చింది.

మాకు యుద్ధ విషయాల్లో నిపుణుడు కూడా ఉండేవాడు. ఆయన్ని మిలిటరీ తాత అనేవాళ్ళం. పటాలంలో వంటమనిషిగా పనిచేసి వచ్చాడు. "ట్యాంకంటే ఏమనుకున్నార్రా. ఒక్కోదాంట్లో నలుగురు కూసుంటారు. నలుగురికీ పూటపూటకూ పప్పు పోవల్ల. పప్పు అందకుంటే ఏ ట్యాంకూ కదల్దు" అనేవాడు. ఆ యుద్ధం గురించి తరువాత పెద్దపెద్దవాళ్ళు చెప్పిన మాటలు చాలా విన్నాను. తాత మాటే అన్నిటికన్నా నిలబడింది.

పెద్దనాయన ఏ పక్షమూ కాదు. చుట్టుపక్కల ఊళ్ళలో భాగాల తగాదా వచ్చినా, మొగుడూ పెళ్ళాల తగాదా వచ్చినా ఆయన్నే పిలుచుకుపోయేవాళ్ళు. ఆయన గొంతు లేచిందని ఎవరూ ఎరగరు. తగాదా చేతిలోకి తీసుకుంటే చెవి మీద ఒక బీడీ పెట్టుకునేవాడు. అది తెగేదాకా ముట్టించేవాడు కాదు. కువైట్ తగాదాకు కూడా బీడీ చెవెక్కింది.

"అన్నదమ్ముల గట్టు తగాదాలో పొరుగూరోడు జొరబడగూడదు. జొరబడినాడంటే గట్టూ మిగల్దు, చేనూ మిగల్దు" అనేవాడు.

"ఇంట్లో ఎనుము ఈనితే తెల్లారినాక అడిగినావు, ఏం దూడని. కువైట్ గట్టు నీకెందుకప్పా" అనేది పెద్దమ్మ లోపలి నుంచి.

రేడియో తెలుగు మా వాళ్ళకు సగమే తెలిసేది. అందుకని వార్తలు అయిపోయాక పెద్దనాయన వాటిని మళ్ళీ మా తెలుగులో చెప్పేవాడు. ఐక్యరాజ్య సమితి పెద్ద రచ్చబండ అయ్యేది. తీర్మానం చేశారంటే, "రచ్చబండ కాడ పెద్దమనుషులంతా తప్పు నీదేనన్నారంట. ఆయప్ప ఇనల్యా" అని చెప్పేవాడు. నిజానికి ఎవరూ రేడియో వినేవాళ్ళు కాదు. అది మోగినంతసేపూ కాయలు ఒలుచుకుని, పెద్దనాయన గొంతు సవరించుకున్నాక చేతులు ఆపేవాళ్ళు.

ఆ గుంపులో వాకిలి పక్కన దూరంగా పక్కింటి వదిన కూర్చునేది. మాకు రక్తసంబంధం లేదు, వరసకు వదిన. ఆమె మొగుడిని అన్న అనేవాళ్ళం. అతను డ్రైవరు పని అని చెబితే కువైట్ పోయాడు. అక్కడ గొర్రెల మందను అప్పగించారు. అత్తకు చెవుడు. వదినకు తొలి కాన్పు, ఏడో నెల. కువైట్ పట్టుబడిన నాటి నుంచి అన్న సమాచారం లేదు. ఇరాకోళ్ళూ కువైట్‌వాళ్ళూ బావి చుట్టూ అరుచుకుంటుంటే ఆమె చేటలో కాయలు ఒలుస్తూ తలెత్తేది కాదు. ఎవరినీ ఏమీ అడిగేది కాదు.

రోజూ వార్తల చివర పెద్దనాయన ఆమె వైపు చూడకుండా ఒక మాట అనేవాడు. "ఆడ మనోళ్ళంతా బాగుండారంట. అన్నం, నీళ్ళు దొరుకుతాండాయంట." అప్పుడు ఆమె చేట ఎత్తుకుని ఇంటికి పోయేది.

నేను ఆ ఏడు పెద్దబడిలో చేరాను. తెలుగు అయ్యవారు నన్ను లేపి పాఠం చదివించి, "ఉచ్చారణంటే ఇదీ" అని మెచ్చుకున్నాడు. ఆ మాట నా నెత్తికెక్కింది. రేడియో తెలుగు నాకు అక్షరం పొల్లుపోకుండా అర్థమవుతోందని ఊరికి తెలియాలి కదా. ఆ సాయంత్రం పెద్దనాయన ఎప్పటిలాగే, "మనోళ్ళంతా బాగుండారంట" అనగానే నేను లేచాను.

"అట్ల చెప్పల్యా పెద్దనాయనా. మనోళ్ళ సంగతి ఈ పొద్దు రానే రాల్యా. నిన్న గూడా రాల్యా."

కాయలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది. మిలిటరీ తాత నోట్లో పళ్ళు లేకపోయినా గట్టిగా నవ్వాడు. "ఏందప్పా, ఇన్నినాళ్ళూ నీ సొంత వార్తలు చదివినావా మాకు? ఇరాకోడు గట్టు జరిపింది నిజమేనా, అదీ నువ్వు జరిపిందేనా?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, గర్వంగా. పెద్దమ్మ గడప దగ్గరికి వచ్చి నన్ను చూసిన చూపు నాకు అర్థం కాలేదు. పెద్దనాయన మాత్రం, "చదువుకున్నోనివి. ఇనపడింది ఇనపడినట్ల చెప్తివి" అన్నాడు. అంతే.

వదిన నవ్వలేదు. ఆ రోజు చేట అక్కడే వదిలేసి పోయింది.

మరునాడు ఆమె వాకిలి పక్కన కూర్చోలేదు. నేరుగా వచ్చి బావి గట్టు పక్కన, రేడియోకు చెవి ఆనేంత దగ్గరగా కూర్చుంది. పెద్దనాయన చెప్పబోయే దానితో ఆమెకు ఇక పని లేదు. ఆయన చెవి మీద బీడీని సర్దుకుంటూ నా వైపు చూశాడు. అప్పుడు కూడా నేనేం చేశానో నాకు తెలియలేదు.

వార్తలు మొదలయ్యాయి. అమెరికా ఓడలు కదిలాయన్నారు. పైవీధి ఉసూరుమంది, కిందవీధి ఈలలు వేసింది. ఆ ఈలల్లో తరువాతి వార్త చాలామందికి వినపడలేదు. గట్టు పక్కనే ఉన్న మాకు వినపడింది. కువైట్ నుంచి ఎడారి మీదుగా వస్తున్న బస్సు ఒకటి తిరగబడింది, మన దేశపు కూలీలు పలువురు చనిపోయినట్టు తెలిసింది, వాళ్ళ పేర్లు...

పెద్దనాయన లేచాడు. జీవితంలో గొంతు ఎత్తని మనిషి ఊరు అదిరేటట్టు అరిచాడు. "రేయ్ అమెరికా, మా పంచాయితీలోకి నిన్నెవడు రమ్మన్నాడురా." అరచేత్తో ఒక్క తోపు. రేడియో బావిలో పడింది.

ఊరంతా బావి గట్టు మీదికి వంగింది. అప్పుడు బావి అడుగు నుంచి సన్నగా, తీయగా, కన్నడ పాట ఒకటి పైకి వచ్చింది.

మిగిలింది మీకు తెలిసిందే. ఇరాకోళ్ళు, కువైట్‌వాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. రెండు వీధులూ కలిసి నవ్వడం ఆ కరువులో అదే మొదలు. "బాయిలో నీళ్ళు ల్యాకపోయినా పాటలు పడినాయి" అన్నాడు తాత. కొందరు మోకు తెచ్చి దిగబోతే, "దాన్ని ఎత్తినోడు నా గడప తొక్కగూడదు" అన్నాడు పెద్దనాయన. ఎవరూ దిగలేదు. పిల్లలం మాత్రం సెల్లులు అయిపోయేదాకా గట్టు మీద బోర్లా పడుకుని ఆ పాటలు విన్నాం. నాకు వచ్చిన కన్నడమంతా ఆ బావి నేర్పిందే.

ఆ రాత్రి పెద్దమ్మ వదినను ఇంటికి పోనివ్వలేదు. తోడుగా ఉండమని పిలిచి సంగటి పెట్టింది. వదిన రెండు ముద్దలు ఊరిబిండితో పూర్తిగా తిని కంచం కడుక్కుంది. పెద్దనాయన నన్ను గోడ చాటుకు పిలిచి, "తినింది సూసినావా. ఏమీ ఇనల్యా ఆ బిడ్డ. నువ్వూ ఇనల్యా" అన్నాడు.

తెల్లవారుజామున నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని కదిరికి బయలుదేరాడు. దోవంతా ఎండిన వేరుశెనగ చేలు. కదిరి బస్టాండులో వేలాడదీసిన పేపర్లన్నీ నా చేత చదివించాడు. బస్సు సంగతి అన్నిటిలోనూ ఉంది, పేర్లు ఎందులోనూ లేవు. "ఇంకోసారి సదువు. ఉచ్చారణ బాగుంటుందంట గదా నీది" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు. నేను ఇంకోసారి చదివాను. తరువాత హోటల్లో నాకు ఉగ్గాణి పెట్టించాడు. తను ఏమీ తినలేదు. ఆ తరువాత కూడా వీలైనప్పుడల్లా కదిరికి పోయాం. ఊళ్ళో అడిగితే కొత్త రేడియో బేరం చేస్తున్నామని చెప్పేవాడు. "అమెరికాతో రాజీ అయినావా అయితే" అని నవ్వేవాళ్ళు.

వేరుశెనగ బుడ్డలు పీకే వేళకు, అంటే పీకడానికేమైనా ఉన్న చేలల్లో పీకే వేళకు, అన్న వచ్చాడు. బొంబాయి నుంచి గుంతకల్లుకు రైల్లో, అక్కడి నుంచి బస్సులు మారుతూ వచ్చి, గడ్డంతో, నెత్తిన ఒక కంబళితో ఊరి మొదట్లో దిగాడు. వదిన చంకలో పసిబిడ్డతో వాకిట్లో నిలబడి అతన్ని చూసి, "కాళ్ళు కడుక్కో" అని మాత్రం అంది.

ఊరంతా వచ్చి చుట్టూ కూర్చుంది. ఇన్నాళ్ళకు అసలు సాక్షి దొరికాడు.

"చెప్పప్పా, యుద్ధం ఎట్ల మొదలైంది?" అన్నాడు మిలిటరీ తాత.

"నాకేం తెలుసు" అన్నాడు అన్న. "నేను ఎడార్లో గొర్రెల కాడ ఉంటి. ఒక పొద్దు మా సేటు రాల్యా. మర్నాడూ రాల్యా. ఇంక గొర్రెలన్నీ నావే అనుకుంటి."

"ట్యాంకులన్నా సూసినావా?"

"దూరంగా ఏవో పోతాండె. ట్రాక్టర్లేమో అనుకుంటి. ఆడ శెనక్కాయ ఏస్తారేమోనని."

తాత విసుక్కుంటూ లేచాడు. "నీకంటే మా బాయికి ఎక్కువ తెలుసు" అన్నాడు. తిరగబడిన బస్సు సంగతి అన్నకు తెలియనే తెలియదు. అందులో పోయినవాళ్ళు వేరే ఊళ్ళ మనుషులు. వాళ్ళ ఊళ్ళలో రేడియోలు వార్త పూర్తిగానే చెప్పి ఉంటాయి.

ఆ సాయంత్రం పెద్దనాయన చెవి మీద బీడీ తీసి ముట్టించాడు. "యుద్ధం ఇంకా తెగల్యా గదప్పా" అన్నారు ఎవరో. "నా తగాదా తెగింది" అన్నాడు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఆ తరువాత ఆయనను పంచాయితీలకు పిలవడం తగ్గిపోయింది. రేడియోను బావిలో తోసే కోపిష్టి దగ్గరికి మొగుడూ పెళ్ళాల తగాదా ఎవరు తీసుకొస్తారు? అమెరికాయప్ప అని పేరు పడింది. నేను పెద్దవాడినై ఈ కథను పెళ్ళిళ్ళలో చెబుతుంటే, పందిట్లో ఏదో మూల ఆయనే కూర్చుని ఉండేవాడు. ఒక్కసారైనా నా వైపు గుర్రుగా చూడలేదు. "కన్నడ పాట మర్సిపోతివి, అది గూడా పాడు" అనేవాడు. ఆయన పోయిన తరువాత కూడా నేను పాడుతూనే ఉన్నాను.

వీడియో వచ్చిన కొన్నాళ్ళకు వదిన కబురు పెట్టింది. పోయాను. అన్న మంచం మీద ఫోను చెవికి ఆనించుకుని, ఇప్పటి యుద్ధం గట్టిగా పెట్టుకుని వింటున్నాడు. వదిన వేయించిన బుడ్డలు పళ్ళెంలో పోసి నా ముందు పెట్టింది.

"వీడియో సూపించినాడు మనవడు" అంది.

తీసుకున్న బుడ్డ మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాను. అన్నీ చెప్పేశాను. "ఆ పొద్దు అందరి ముందరా నేను నోరు తెరవకుండా ఉంటే నువ్వు వాకిలి కాడనే కూసోనుంటివి వదినా. పెద్దనాయనకు రేడియో తోసే అగత్యం వచ్చేది కాదు. ఆయనకు అమెరికా మీద కోపం ల్యా. నువ్వు ఇనకూడదని తోసినాడు."

"తెలుసు" అంది వదిన.

"ఎవురు చెప్పినారు? పెద్దమ్మా?"

"ఎవురూ చెప్పల్యా. అప్పుడు నా చెవులు బాగుండె. ఆయప్ప చెయ్యి రేడియో మీద పడేలోపలే మొత్తం ఇనింటి. ఎడారి, బస్సు, మనోళ్ళు. అంతా."

నేను ఆమె ముఖం వైపు చూశాను. ఆమె పళ్ళెంలో మాడిన గింజలు ఏరి పక్కన పెడుతోంది.

"మరి ఆ రాత్రి అంత సంగటి ఎట్ల తింటివి?"

"నీళ్ళతో మింగినా" అంది. "మీ పెద్దనాయన తలుపు సందులోంచి నా కంచం వైపే సూస్తా ఉండె. నేను ఏడ్చింటే, ఆయప్ప రేడియో ఊరికే పోయుండు గదా."